ఎడమవైపు చేపకళ్ళు

"క్రీము రాసుకున్న చేత్తో బండిని ముట్టుకున్నావు. అంతే. ఇంకో కారణం లేదు," అన్నాడు కాజ్.

"నేను క్రీము రాసుకోను నాన్నా. ఇందాకట్నుంచీ అదే మొత్తుకుంటున్నా. చేతులకి గ్లౌజులున్నాయి."

"గ్లౌజులు తొడుక్కునే ముందు?"

"ముందూ లేదు, వెనకా లేదు!" క్రిస్టా బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఉప్పు బుడ్డి పక్కకి ఒరిగింది.

బంగాళదుంప కూరిన పియెరోగీలు చల్లారిపోతున్నాయి. వాటి మీద వేయించి పోసిన ఉల్లిపాయల చుట్టూ వెన్న పేరుకుంటోంది. ఆదివారం భోజనం ఆ ఇంట్లో ఇలా మిగిలిపోవడం ఐరీన్ ఎరగదు. తండ్రీకూతుళ్ళు ఫోర్కులు ముట్టుకోనైనా లేదు. లెనీ మాత్రం తింటున్నాడు. పక్కింటికి నిప్పంటుకున్నా వాడికి ఆకలి చావదు.

"రంగు కొట్టే గాలి గొట్టంలో నూనె వచ్చిందేమో చూశావా?" అని వాడు నోట్లో ముద్దతోనే అడిగాడు.

"నువ్వు ఇళ్ళు అమ్ముకో అన్నయ్యా. గొట్టాల సంగతి నీకెందుకు?"

"ఊరికే అడిగానమ్మా. ఆడలేక మద్దెల ఓడంటారు కదా, నువ్వు కూడా మద్దెల మీదికి తోస్తావేమో అని ముందే అందిస్తున్నా."

"గొట్టంలో నూనె ఉంటే బండంతా రావాలి. కుడిపక్క అద్దంలా ఉంది. ఎడమపక్కే పాడైంది."

"ఎడమపక్కే కదా నువ్వు మొదలెట్టింది," అన్నాడు కాజ్. "చేతి జిడ్డంతా అక్కడే దిగింది. కుడివైపుకొచ్చేసరికి అయిపోయింది."

ఐరీన్ చర్చి నుంచి వచ్చేసరికే ఇంట్లో ఈ రగడ మొదలైంది. బండిని ఆమె ఇంకా చూడలేదు. ఎవరి నోట విన్నా చేపకళ్ళు, చేపకళ్ళు అన్న మాటే. కార్లకి రంగులేసేవాడి పెళ్ళానికి ఆ మాట కొత్త కాదు. తడి రంగులో ఉన్నట్టుండి గుండ్రటి గుంటలు తెరుచుకుంటాయి. కింద జిడ్డున్న చోట రంగు నిలవనని వెనక్కి జరిగిపోతుంది. అందులోనూ సిలికాన్ జిడ్డయితే, జిడ్డు తీసే మందుతో తుడిచినా వదలదు, తుడిచిన కొద్దీ పాకుతుంది. అందుకే కాజ్ ఇంట్లో హెయిర్ స్ప్రే అన్నది లేదు. పెళ్ళయిన కొత్తలో ఐరీన్ జుట్టుకి కొట్టుకోవాలంటే మంచులో వీధి గుమ్మం దాటి వెళ్ళి కొట్టుకొచ్చేది.

"నేను తెలియక అడుగుతున్నా," అన్నాడు లెనీ, మూతి తుడుచుకుంటూ. "ఇప్పుడా పక్కంతా గీకి మళ్ళీ మొదట్నుంచీ రావాలి కదా? పాత కార్ల ఊరేగింపుకి ఇంక బండి ఎక్కడ అందుతుంది? రేపు కొనే మనిషి వస్తున్నాడు నాన్నా. షెడ్డూ, స్థలమూ చూసుకుని వెళతాడు. చూపిస్తే తప్పేముంది?"

ఐరీన్ భర్త వైపు చూసింది. బండి పూర్తయ్యాక పెరట్లోని రంగుల షెడ్డు క్రిస్టాకే అని ఈస్టర్ నాడు ఇదే బల్ల దగ్గర అన్నాడు ఈయన. రంగు చక్కగా వస్తే, అని ఒక మెలిక పెట్టాడు. ఆ మెలిక పట్టుకునే క్రిస్టా ఇన్ని నెలలూ బతికింది. పరాయి షాపుల్లో పదేళ్ళు బంపర్లకి రంగులు కొట్టిన పిల్ల. తండ్రి షెడ్డు మీద తన పేరు చూసుకోవాలన్నది తప్ప దానికి వేరే కోరిక లేదు.

కాజ్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కప్పు కింద పెట్టి, "చూసుకుని పోనీ," అన్నాడు.

క్రిస్టా లేచింది. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తలేదు.

"ఇంకొక్క మాట," అన్నాడు కాజ్ వెనకనుంచి. "రంగు కొట్టే గన్ను నీ చేతికివ్వడం నాదే బుద్ధి తక్కువ."

పెరటి తలుపు అదిరేలా పడింది.

* * *

ఐరీన్ ఒక పళ్ళెంలో నాలుగు పియెరోగీలు పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. తింటుందని కాదు, ఖాళీ చేతులతో వెళ్ళలేక.

క్రిస్టా బండికి కుడిపక్కన గోడకానుకుని నేల మీద కూర్చుంది. అటువైపు నిజంగానే అద్దంలా ఉంది. వెండి పొడి కలిసిన ముదురు ఆకుపచ్చ. యాభై ఏళ్ళ కిందట కాజ్ కొన్న కమారో కారు రంగు అదే. ఆ బండిలోనే ఐరీన్‌ని డెట్రాయిట్ నది ఒడ్డుకి తీసుకెళ్ళి పెళ్ళాడమని అడిగాడు. అడగడానికి ముందు సీటు మీద ఐస్‌క్రీము ఒలకబోసిందని ఆమెని తిట్టాడు కూడా.

ఆ బండి ఇప్పుడు లేదు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని అడుగునుంచి తినేసింది. మరమ్మతు చేద్దామంటే అతుకు వేయడానికైనా గట్టి ఇనుము దొరకలేదు. ఇంజనూ, సీట్లూ, స్టీరింగూ ఊడదీసి దాచి, మిగతాదాన్ని తుక్కు లారీ ఎక్కించారు. దాని స్థానంలో అచ్చం అదే కొలతలతో కొత్తగా అచ్చు గుద్దిన ఇనుప ఒళ్ళు పెద్ద పెట్టెలో దిగింది. ఆ రోజు నుంచీ ఐరీన్ దాన్ని 'ఆ డబ్బా' అనే పిలిచింది. ఏడాది పాటు షెడ్డు గడప తొక్కలేదు.

"ఎడమపక్క చూడమ్మా," అంది క్రిస్టా. "చూసి నువ్వే చెప్పు. నేనంత పనికిమాలిన దాన్నా?"

ఐరీన్ చుట్టూ తిరిగి వెళ్ళింది. తలుపు నిండా, ముందు చక్రం మీది రెక్క నిండా బఠాణీ గింజంత గుంటలు. టాపు మీద కూడా ఉన్నాయి. కానీ టాపు మధ్యదాకా వచ్చి ఆగిపోయాయి. అక్కణ్ణించి అవతలికి ఒక్కటీ లేదు.

ఆమె అప్రయత్నంగా చెయ్యి చాపి చూసింది. తన చెయ్యి ఎంతవరకు అందుతుందో సరిగ్గా అక్కడికే ఆగాయి.

 ఐరీన్ పళ్ళెం స్టూలు మీద పెట్టేసింది.

నిన్న సాయంత్రం తండ్రీకూతుళ్ళిద్దరూ రంగు డబ్బాల కోసం బయటికి వెళ్ళినప్పుడు ఆమె ఒక్కతే ఇక్కడికి వచ్చింది. రేపు దీనికి రంగు పడుతుంది, ఇక ఇంటిదైపోతుంది, ఎన్నాళ్ళని మొహం తిప్పుకుంటాం అనుకుంది. కొత్త కోడలు గడపలోకొచ్చి ఏడాదయినా పలకరించని అత్తలా తనమీద తనకే సిగ్గేసింది. పాత బండిని ప్రతి శనివారం తుడిచేది ఆమే. బల్లలూ బీరువాలూ తుడిచే నిమ్మవాసన పాలిష్, పాత చొక్కా గుడ్డ. నిన్నా అవే తెచ్చుకుంది. తలుపు తుడిచింది, రెక్క తుడిచింది, టాపు మీద అందినంత మేర తుడిచింది. కుడివైపు గోడకి మరీ దగ్గరగా ఉంటే ఒళ్ళు పట్టక మానేసింది. తుడుస్తూ ఆ ఇనుముతో ఏవో నాలుగు మంచి మాటలు కూడా చెప్పింది.

హెయిర్ స్ప్రే అంటే భయం ఉంది గానీ, ఆ పాలిష్ డబ్బాలోనూ సిలికాన్ ఉంటుందని ఆమె ఏనాడూ అనుమానించలేదు. అది బండి సామాను. ఇన్నేళ్ళూ బండికే వాడింది. రంగెక్కిన ఒంటికీ, రంగెక్కని ఒంటికీ ఉన్న తేడా ఆ క్షణాన తట్టలేదు.

"ఏంటమ్మా, అలా నిలబడిపోయావ్?"

"ఏం లేదు," అంది ఐరీన్. అన్న మరుక్షణమే తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది.

"నాన్నన్నదే నిజమేమో," అంది క్రిస్టా. గొంతు చిన్నదైపోయింది. "మందుతో నేనే తుడిచాను, బంక గుడ్డతో దుమ్మూ తీశాను. అయినా వచ్చాయంటే ఎక్కడో నా చెయ్యే తగిలుంటుంది. పదేళ్ళు చేశాను. పరాయివాళ్ళ బండి ఒక్కటీ ఇలా కాలేదు. మన బండికే ఇలా అయింది."

 చెప్పేస్తే కాజ్ ఏమంటాడో ఐరీన్‌కి తెలుసు. ఆయన తిట్లకి ఆమె ఎప్పుడూ భయపడలేదు. ఆయన పాత బండిని తుక్కుకి పంపిన రోజు ఎంత ఏడ్చాడో చూసింది, అదీ భయం. కానీ నేల మీద కూర్చున్న ఈ పిల్ల, చేయని తప్పుని తనంతట తానే నెత్తికెత్తుకుంటోంది. దానికంటే ఘోరం ఇంకేముంటుంది?

"లే," అంది. "ఇంట్లోకి పద."

"నేను రాను."

"రమ్మన్నానా!"

* * *

కాజ్ బల్ల దగ్గరే ఉన్నాడు. లెనీ రేపు వచ్చే మనిషితో ఫోనులో మాట్లాడి అప్పుడే పెట్టేశాడు.

"నిన్న బండిని నేను తుడిచాను," అంది ఐరీన్, నిలబడే. "ఆ నిమ్మ పాలిష్‌తో. ఎడమవైపు, టాపు సగందాకా. చేపకళ్ళు నావి. అమ్మాయివి కావు."

 ఫ్రిజ్ ఒక్కసారి గుర్రుమని ఆగింది.

ముందుగా నవ్వింది లెనీ. "బాగా అల్లావమ్మా. నాకు ఇళ్ళమ్మడంలో సాయం రాకూడదూ?"

"కూర్చో ఐరీన్," అన్నాడు కాజ్. కోపంగా కాదు, జాలిగా అన్నాడు. ఆ జాలే ఆమెకి మండింది.

"కూర్చోను. నిజం చెబుతున్నా."

"ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి, రంగెక్కని ఒంటి మీద పాలిష్ కొట్టావా? చంటిపిల్లాడికి చెప్పు, వాడూ నమ్మడు."

"పాత బండిని దాంతోనే కదయ్యా తుడిచింది?"

"అది రంగున్న బండి! అయినా ఏడాదిగా నువ్వా షెడ్డు వైపు కన్నెత్తి చూశావా? డబ్బా, డబ్బా అని దెప్పావు. నిన్న ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిందా?"

"పుట్టుకొచ్చింది," అంది ఐరీన్. "నాకే ఆశ్చర్యంగా ఉంది. పుట్టుకొచ్చింది."

కాజ్ తల అడ్డంగా ఊపాడు. "కూతుర్ని వెనకేసుకురావడం తల్లికి సహజం. తప్పనను. కానీ పనిలో అబద్ధం పనికిరాదు. ఇలా వెనకేసుకొచ్చే దాన్ని నాశనం చేస్తున్నావు."

ఐరీన్ కూతురి వైపు తిరిగింది. కనీసం అదైనా నమ్ముతుందనుకుంది.

"వద్దమ్మా," అంది క్రిస్టా. "చేతకానిదాన్నని ఇప్పటికే అన్నారు. ఇప్పుడు అమ్మ చాటు పిల్లనని కూడా అనిపించకు. నీకు దణ్ణం పెడతా."

ఇది ఆమె ఊహించలేదు. తిడతారనుకుంది, కేకలేస్తారనుకుంది. నిజం చెప్పాక దాన్ని ఒక్కరూ పుచ్చుకోకపోతే ఏం చేయాలో ఆమెకి తెలియలేదు.  చివరికి సింకు కింద అర తెరిచి, పాలిష్ డబ్బా తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి నడిచింది.

"అమ్మా!" అని లెనీ లేచాడు.

వాళ్ళు షెడ్డులోకి వచ్చేసరికి ఆమె బానెట్ దగ్గర ఉంది. బానెట్‌కి ఇంకా రంగు పడలేదు. విడిగా తీసి కొయ్య స్టాండ్ల మీద పరిచారు. నున్నగా రుద్ది, తుడిచి, రేపటికోసం ఉంచారు. ఐరీన్ దాని ఎడమ సగం మీద డబ్బా నొక్కింది. నిమ్మవాసన గుప్పుమంది. గౌను అంచుతో ఆ సగమంతా పాముకుంటూ పోయింది.

"మతి పోయిందా నీకు?" కాజ్ గొంతు చిరిగింది.

"పోలేదు. ఇప్పుడు వెయ్యండి దీనికి రంగు. ఈ సగంలో ఆ గుంటలు రాకపోతే నేను అబద్ధాలకోరునే. వచ్చాయా, అమ్మాయికి మీరంతా క్షమాపణ చెప్పాలి."

షెడ్డులో గాలి కొట్టే యంత్రం దానంతటదే మొదలై చప్పుడు చేసి ఆగింది. కాజ్ బానెట్‌ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.  బండిలో రంగుకి సిద్ధంగా మిగిలిన భాగం అదొక్కటే.

క్రిస్టా కళ్ళు తుడుచుకుంది. గోడకున్న మాస్కు అందుకుని, గన్ను వైపు చెయ్యి చాపింది.

"నువ్వు కాదు," అన్నాడు కాజ్. "నువ్వు వేస్తే మళ్ళీ నీ చెయ్యే అంటాం. నేను వేస్తాను."

ఐరీన్ బానెట్‌కి అడ్డంగా వచ్చింది.

రంగు పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదని డాక్టరు మాన్పించాడని పిల్లలకి చెప్పాడాయన. డాక్టరు ఆ మాట అనలేదు. డాక్టరు చూసింది కుడిచేతిని. ఆ వణుకు కాఫీ కప్పు దగ్గర, చొక్కా గుండీల దగ్గర రోజూ చూసేది ఐరీన్ ఒక్కతే. గుండీలు ఆమే పెడుతుంది. ఎవరితోనూ అననని మాటిచ్చింది.

"వద్దు కాజ్," అంది. "అమ్మాయినే వెయ్యనీ."

"ఏం, భయమేసిందా? ఇందాకటి పౌరుషం ఏమైంది?"

"నేను దానికి చెప్పడంలేదు. నీ మంచికే..."

"పక్కకి తప్పుకో."

ఆమె భర్త కళ్ళలోకి చూసింది. నేను చెప్పేది ఏమిటో నీకు తెలుసు, ఆగు అని చూసింది. ఆయనకి తెలిసింది. తెలిసి కూడా మొండితనంతో మాస్కు కట్టుకున్నాడు. కూతురి ముందూ, కొడుకు ముందూ ఇక వెనక్కి తగ్గలేడు.

మొదట ఎడమ సగం మీద వేశాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆకుపచ్చ పొర తడితడిగా పరుచుకుంది. రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత ఒక గుంట తెరుచుకుంది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఆ సగమంతా గుంటలు పడింది.

"దేవుడా," అన్నాడు లెనీ.

క్రిస్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, నువ్వు నిజంగానే..."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. గన్ను కింద పెట్టి, నీ మాటే నిజం ఐరీన్ అంటే అందరి పరువూ దక్కేది. కానీ కాజ్ ఆగలేదు. తుడవని సగం శుభ్రంగా వస్తుందని కూడా చూపించాలి, పని సగంలో వదలడం ఆయనకి రాదు. అటు తిరిగాడు. ఈసారి గొట్టం దూరం నుంచి లాగాల్సి వచ్చి ఎడమచెయ్యి మణికట్టుని వదిలేసింది.

ఆ సగంలో ఒక్క గుంటా రాలేదు. చారలు వచ్చాయి. వెండి పొడి కలిసిన రంగు చెయ్యి నిలకడగా లేకపోతే ఊరుకోదు. ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా, దున్నిన చాళ్ళలా పడుతుంది. కాజ్ వాటిని కప్పుదామని మళ్ళీ వేశాడు. ఇంకా ఎక్కువయ్యాయి. గన్ను గాల్లో వణుకుతుంటే షెడ్డులో ఉన్న ముగ్గురూ ఆ చేతినే చూస్తున్నారు.

చివరికి గన్ను ఆపాడు. మాస్కు తీశాడు.

ఐరీన్ గోడ పట్టుకుంది. కూతురిని కాపాడబోయి మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టింది. నిజం చెప్పకపోయినా పాపమే అయ్యేది, చెప్పినా పాపమే అయింది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అని అడిగింది క్రిస్టా.

కాజ్ మాస్కు గోడకి తగిలించాడు. గొంతు సవరించుకుని, "చేపకళ్ళు నీవి కావు," అన్నాడు. "నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బానెట్ గీకి నువ్వే వెయ్యి. ఎడమపక్కా నువ్వే వెయ్యి." గన్ను పిడిని ఆమె వైపు తిప్పి చాపాడు.

ఎన్నాళ్ళుగానో ఆ పిల్ల ఎదురుచూసిన మాటే అది. ఐరీన్ ఊపిరి బిగబట్టింది. క్రిస్టా మాత్రం కదల్లేదు. ఆమె మొహంలో కోపం పోయింది గానీ, దాని స్థానంలో వచ్చినది ఇంకా కష్టంగా ఉంది చూడడానికి.

"ఈస్టర్ నాడు షెడ్డు నాకే అన్నావు," అంది నెమ్మదిగా. "గన్ను తెచ్చి నా చేతిలో పెట్టావు. ఇంటికెళ్ళి రాత్రంతా ఏడ్చాను, సంతోషంతో. నా పని చూసి ఇచ్చావనుకున్నా."

"క్రిస్టా..."

"నా చెయ్యి బాగుందని ఇచ్చావా నాన్నా? నీ చెయ్యి బాగాలేదని ఇచ్చావా?"

కాజ్ చేతిలోని గన్ను వైపు చూశాడు. 

"సరే, అవన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు," అన్నాడు లెనీ, ఫోను చేతిలోకి తీసుకుంటూ. "నాన్నా, ఇలాంటి పరిస్థితుల్లో రేపు ఆ మనిషి..."

"నువ్వు బయటికి నడు," అన్నాడు కాజ్ కొడుకు వైపు చూడకుండానే.

"అది కాదు నాన్నా, నేనేమంటున్నానంటే..."

"నడవమన్నానా!"

లెనీ తల్లి వైపు చూశాడు. ఆమె కూతురినే చూస్తోంది. వాడు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

వాడి వెనక తలుపు మూసుకుంది. కాజ్ గన్ను దించలేదు. క్రిస్టా చెయ్యి చాపలేదు.